తెర దాటిన సహవాసం: ఆన్‌లైన్ స్వచ్ఛంద సముదాయాల కలయికల చరిత్ర

ఆన్‌లైన్‌లో స్వచ్ఛందంగా పనిచేసే సముదాయాల్లో సభ్యులు ఒకరికొకరు కనిపించరు. జీతం ఉండదు, హాజరుపట్టీ ఉండదు, రేపటి నుంచి రాకపోతే ఎందుకని అడిగేవాళ్లూ ఉండరు. రాసిన మాట చేరుతుంది గానీ దాని వెనకున్న గొంతు, ముఖం చేరవు. దాంతో చిన్న సూచన కూడా మందలింపులా తోస్తుంది, మామూలు చర్చ పోట్లాటగా ముదురుతుంది. ఈ సముదాయాలు గత నలభై ఏళ్లుగా విందులు, నెలవారీ కలయికలు, వార్షిక సభలు, పతకాలు అలవాటు చేసుకోవడానికి మూలం ఇక్కడే ఉంది. పని నిలవాలంటే మనుషులు నిలవాలి, మనుషులు నిలవాలంటే ఒకరి సహవాసం మరొకరికి నచ్చాలి.

తొలి ఉదాహరణల్లో ఒకటి అమెరికాలోని 'ది వెల్'. స్టీవర్ట్ బ్రాండ్, లారీ బ్రిలియంట్ 1985లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి సాసలీటోలో ప్రారంభించిన ఈ వేదికలో సభ్యులు టెలిఫోన్ లైను ద్వారా కంప్యూటర్‌తో చేరి రాతలో మాట్లాడుకునేవారు. ఇది చందా కట్టి చేరే వేదికే అయినా, చర్చలు నడిపే బాధ్యత చాలావరకు సభ్యులే తీసుకున్నారు. చాలామంది చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కావడంతో మరుసటి ఏడాది నుంచే నెలనెలా విందులు మొదలయ్యాయి. అక్షరాల్లోనే ఎరిగిన మనిషిని ఎదురుగా చూసిన అనుభవాన్ని ఆ సభ్యుల్లో ఒకడైన హొవార్డ్ రైన్‌గోల్డ్ 1993లో వచ్చిన 'ది వర్చువల్ కమ్యూనిటీ' పుస్తకంలో వివరంగా రాశాడు. ఆన్‌లైన్ పరిచయం మనుషుల్ని ఒంటరుల్ని చేస్తుందన్న భయం బలంగా ఉన్న రోజుల్లో ఆ పుస్తకం మరో కోణం చూపింది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సముదాయాలకు ఎదురెదురుగా కలవాల్సిన అవసరం వేరే దారిలో వచ్చింది. ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో ప్రారంభించిన డెబియన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో పనిచేసేవాళ్లు అనేక దేశాల్లో విడివిడిగా ఉండేవారు. ఫలానా పేరుతో ప్రోగ్రాము పంపుతున్నది నిజంగా ఆ మనిషేనా అని తేల్చుకోవడానికి డిజిటల్ తాళంచెవి పద్ధతి పెట్టుకున్నారు. కొత్తవారి తాళంచెవికి పాత సభ్యుడు సంతకం చేయాలి, చేసే ముందు మనిషిని కలిసి గుర్తింపు పత్రం చూడాలి. ఆ పని కోసం ఒకచోట చేరినవాళ్లు భోజనానికీ కూర్చునేవారు, కబుర్లలోనూ పడేవారు. భద్రత కోసం పెట్టిన నియమం స్నేహాలకు దారితీసింది.

డెబియన్ వార్షిక సభ 'డెబ్‌కాన్ఫ్' 2000 జులైలో ఫ్రాన్స్‌లోని బోర్డోలో మొదలైంది. 2005లో హెల్సింకీ సభలో మరో ఆనవాయితీ పుట్టింది. ఎవరి ఊరి జున్ను, పానీయం, తినుబండారం వాళ్లు తెచ్చి ఒకే బల్ల మీద పెట్టి పంచుకునే ఆ సాయంత్రం తర్వాతి సభల్లోనూ కొనసాగింది. ఉపన్యాసాలకు వెనకాడే మనిషి కూడా తన ఊరి తిండి గురించి నాలుగు మాటలు చెప్పగలడు. భాష అంతగా రానివాళ్లకూ చెప్పుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది. 2023 సెప్టెంబరులో ఈ సభ తొలిసారి భారతదేశానికి, కొచ్చికి వచ్చింది.

పనినే వేడుకగా మలచిన ఘనత ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సముదాయానిది. బ్రిటన్‌లో ప్రభుత్వ సంస్థ ఆర్డినెన్స్ సర్వే తయారుచేసిన పటాలను వాడుకోవాలంటే అప్పట్లో లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది, రుసుము కట్టాల్సి వచ్చేది. అందరూ ఉచితంగా వాడుకోగల పటం కోసం స్టీవ్ కోస్ట్ 2004లో ఈ ప్రాజెక్టు ప్రారంభించాడు. తొలినాళ్ల పద్ధతి ఓపిక పరీక్షించేది. జీపీఎస్ పరికరం పట్టుకుని వీధివీధీ తిరగాలి, పేర్లు కాగితం మీద రాసుకోవాలి, ఇంటికొచ్చి పరికరం నమోదు చేసిన దారి గీతల మీదుగా కంప్యూటర్‌లో రోడ్డు గీయాలి. ఒక్కడే ఎంతకాలం తిరుగుతాడు?

2006 మే మొదటి వారాంతంలో కొన్ని పదుల మంది ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో కలిశారు. ద్వీపం విస్తీర్ణం సుమారు 380 చదరపు కిలోమీటర్లు. దాన్ని భాగాలు చేసి పంచుకున్నారు. పగలు కొందరు కారులో, కొందరు సైకిల్ మీద, కొందరు కాలినడకన తిరిగారు. పగటి సేకరణ కంప్యూటర్లలోకి ఎక్కేకొద్దీ ఖాళీ తెర మీద ద్వీపం రూపు కట్టింది. ఎవరు ఏ సందు పట్టుకొచ్చారో అందరికీ కనిపించింది. ఆ వారాంతంతో ద్వీపంలోని రోడ్లలో అత్యధిక భాగం పటానికెక్కింది. అప్పటి నుంచి 'మ్యాపింగ్ పార్టీ' ఆ సముదాయానికి ఆనవాయితీ అయింది. ఊరి పటాన్ని కేకు ముక్కల్లా భాగాలు చేసి, తలా ఒకటి తీసుకుని, తిరిగొచ్చాక కలిసి తిని తాగే పద్ధతి స్థిరపడింది. దాని బలం ఆ అమరికలోనే ఉంది. కొత్తవాడికి చిన్న వాటా ఇస్తారు, చేసిన పని అదే రోజు కళ్లకు కడుతుంది, సాయంత్రం చెప్పుకోవడానికి కబుర్లూ పోగవుతాయి. 2007లో మాంచెస్టర్‌లో 'స్టేట్ ఆఫ్ ది మ్యాప్' పేరుతో ఈ సముదాయపు తొలి అంతర్జాతీయ సభ జరిగింది.

2001 జనవరి 15న మొదలైన వికీపీడియాలో సభ్యుల తొలి ముఖాముఖి కలయిక 2003 అక్టోబరులో జర్మనీలోని మ్యూనిక్‌లో జరిగింది. నియమిత రోజున ఒకే హోటల్లో ఒకే బల్ల దగ్గర చేరి కబుర్లాడుకోవడం జర్మనీలో పాత అలవాటు. వికీపీడియా రాసేవాళ్లు దాన్నే అందిపుచ్చుకున్నారు. తొలి ప్రపంచ సభ 'వికీమేనియా' 2005 ఆగస్టులో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగింది. విడిదీ వేదికా ఒక యూత్ హాస్టల్. రాత్రి గదిలోనూ పొద్దున టిఫిను దగ్గరా సముదాయం వాళ్లే ఎదురయ్యేవారు. అక్కడి నుంచి బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జ్, తైపీ, అలెగ్జాండ్రియా, బ్యూనస్ ఎయిర్స్ మీదుగా సాగిన ఈ సభ 2016లో ఇటలీ కొండల్లోని ఎసీనో లారియో అనే చిన్న గ్రామంలోనూ జరిగింది.

దూరంగా ఉన్నవాళ్లను మెచ్చుకోవడానికి పతకాలు వచ్చాయి. అమెరికా పల్లెల్లో గాదెల ముఖాన అలంకారంగా పెట్టే నక్షత్రం 'బార్న్‌స్టార్'. ఇరుగుపొరుగు చేయి కలిపి గాదె కట్టే సంప్రదాయానికి గుర్తుగా దాన్ని 2003లో మీట్‌బాల్ అనే వికీలో సునీర్ షా పతకంగా ప్రవేశపెట్టాడు. అదే ఏడాది చివర్లో అది వికీపీడియాకు చేరింది. ఎవరైనా, ఎవరికైనా, ఏ కమిటీ అనుమతీ లేకుండా ఇవ్వొచ్చు. దీని ప్రభావాన్ని పరిశోధకులు మైకేల్ రెస్టివో, ఆర్నౌట్ వాన్ డె రైట్ పరీక్షించి 2012లో ప్రచురించారు. ఎక్కువగా రాసే ఒక శాతం మందిలోంచి కొందరిని చీటీ తీసినట్టు ఎంచి పతకం ఇచ్చారు. తర్వాతి 90 రోజుల్లో వారి పని, పతకం అందని వారి పనికంటే దాదాపు 60 శాతం ఎక్కువగా తేలింది. పైసా విలువ లేని బొమ్మకు అంత శక్తి రావడానికి కారణం, తన పనిని ఒకరు చూశారన్న నమ్మకం.

ఆ నమ్మకం కొరవడితే ఏమవుతుందో కూడా వికీపీడియాలోనే తేలింది. ఆంగ్ల వికీపీడియాలో చురుకుగా రాసేవారి సంఖ్య 2007లో శిఖరానికి చేరి, తర్వాత కొన్నేళ్లపాటు తగ్గుతూ వచ్చింది. చెత్త రాతలను అడ్డుకోవడానికి తెచ్చిన యాంత్రిక సాధనాలు, పెరిగిన నియమాలు మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవారినీ తిప్పిపంపుతున్నాయని పరిశోధకులు తేల్చారు. మొదటి రాత రాసిన గంటలోనే అది తొలగిపోయి, చర్చాపేజీలో యంత్రం రాసిన హెచ్చరిక కనిపిస్తే మళ్లీ రావాలని ఎవరికీ అనిపించదు. మరమ్మతు దశలవారీగా సాగింది. 2011లో హృదయం గుర్తు నొక్కి పతకమో, పిల్లికూన బొమ్మో, టీ కప్పో పంపే 'వికీలవ్' వచ్చింది. 2012లో కొత్తవారు సంకోచం లేకుండా ప్రశ్నలు అడిగే 'టీహౌస్' తెరిచారు. అక్కడ జవాబిచ్చేవాళ్లు ముందు స్వాగతం చెప్పి, తర్వాత నియమం వివరిస్తారు. 2013లో ఒక్క మీటతో ధన్యవాదాలు చెప్పే వీలు చేరింది.

కలయికల్లోనూ అందరికీ చోటు లేదన్న సంగతి క్రమంగా బయటపడింది. మహిళలు, పిల్లల తల్లులు, మద్యం ముట్టనివారు, ప్రయాణ ఖర్చు భరించలేనివారు వెలుపలే ఉండిపోయేవారు. 2014లో న్యూయార్క్‌లో మొదలైన 'ఆర్ట్ ప్లస్ ఫెమినిజం' వికీపీడియా రచనా శిబిరాలు పిల్లలను చూసుకునే ఏర్పాటుకు ప్రాధాన్యమిచ్చాయి. పెద్ద సభలు ప్రయాణ భృతి, ప్రవర్తనా నియమావళి అమలు చేశాయి. వికీపీడియాతో సహా వికీమీడియా ప్రాజెక్టులన్నిటికీ వర్తించే సార్వత్రిక ప్రవర్తనా నియమావళిని 2021లో ప్రకటించారు. నవ్వులాట ఎవరినీ నొప్పించకుండా ఉండాలంటే దానికీ కొన్ని హద్దులు కావాలని ఈ అనుభవం నేర్పింది.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. తొలి ఏళ్లలో రాసినవాళ్లలో చాలామంది విదేశాల్లో ఉండేవారు, వారి ఉమ్మడి చర్చలకు 'రచ్చబండ' వేదికైంది. ఇదే కాలంలో కంప్యూటర్‌లో తెలుగు వాడకాన్ని పెంచడానికి పనిచేసిన 'ఇ-తెలుగు' సంస్థ 2008 డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో స్టాలు పెట్టింది. తెలుగు టైపు చేయడం ఎలాగో వచ్చేపోయేవాళ్లకు చూపించే ఆ పని, తెరచాటు పరిచయస్తులకు పక్కపక్కన నిలబడే సందర్భమూ అయింది. 2011లో ముంబయిలో భారతీయ వికీ సభ జరిగాక తెలుగువారి కలయికలూ ఊపందుకున్నాయి. 2013 ఉగాదికి హైదరాబాదులో మహోత్సవం, 2014 ఫిబ్రవరిలో విజయవాడలో దశాబ్ది ఉత్సవం, 2015లో తిరుపతిలో మరో వార్షికోత్సవం జరిగాయి. దశాబ్ది సందర్భంగా తెలుగులో విజ్ఞాన సర్వస్వ నిర్మాణానికి పూనుకున్న కొమర్రాజు లక్ష్మణరావు పేరిట పురస్కారాలు ఇచ్చారు. వందేళ్ల కిందటి కృషికి తామూ వారసులమన్న భావం రాసేవాళ్లకు దక్కింది. 2023 ఏప్రిల్‌లో భారతీయ వికీ సభకు హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. 2024 జనవరిలో ఇరవయ్యేళ్ల పండుగ విశాఖపట్నంలో జరిగింది.

కోవిడ్ కాలంలో డెబ్‌కాన్ఫ్, వికీమేనియా పూర్తిగా ఆన్‌లైన్‌కు మారాయి. ప్రయాణం చేయలేనివాళ్లకు తలుపు తెరుచుకుంది గానీ, ఉపన్యాసాల మధ్య వరండాలో కాఫీ తాగుతూ సాగే మాటలు అంత సులువుగా తెర మీదికి రాలేదు. వికీమేనియా 2023లో సింగపూర్‌లో ముఖాముఖిగా తిరిగి మొదలైనప్పుడు ఆన్‌లైన్ భాగాన్నీ ఉంచుకుంది. నలభై ఏళ్ల ఈ ప్రయాణంలో నిలిచిన పద్ధతుల్లో కొన్ని పోలికలు ఉన్నాయి. కలవడానికి చిన్న పని ఒకటి ఉంటుంది, పని పక్కనే తిండీ కబుర్లూ ఉంటాయి, మెచ్చుకోలు పైనుంచి కాక తోటివారి నుంచి వస్తుంది, కొత్తగా వచ్చినవారిని పలకరించే బాధ్యత ముందే ఒకరికి అప్పగించి ఉంటుంది. వీటిని పాటించిన సముదాయాలకు కొత్త తరం దొరికింది.