కరగుతీగ చరిత్రము

చెరువునకు అలుగు ఎందులకు కట్టుదురో మీకు నేను చెప్పనక్కరలేదు. దానినే కొన్ని సీమలలో కలుజు అందురు. గట్టుకంటె అలుగు పల్లముగా నుండుటచేత మితిమించిన నీరు దానిమీదుగా పోవును, గట్టు నిలుచును. మరికొంత నీరు నిలువచేసికొందమను నాశతో అలుగుపై రాళ్లు పేర్చినవాడు తన గట్టును తానే తెంపుకొనినవాడగును. విద్యుత్తునకును ఇట్టి అలుగొకటి కలదు. దానిని ఫ్యూజు అందురు. ఆ పదమునకు మూలమైన లాటిను మాటకు కరగినది యని యర్థము. దాని చరిత్రమును నేడు మనవి చేసెదను.

ఈ కథ టెలిగ్రాఫుతో నారంభమగుచున్నది. ఆ తీగలపై పిడుగు పడినపుడు ఆ ప్రవాహము కార్యాలయములోనికి వచ్చి యంత్రములను చెరచుచుండెను. 1847వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయుడైన లూయీ బ్రెగే, తీగ లోనికి ప్రవేశింపకముందే అందొక సన్నని తీగ తునకను చేర్చవలెనని సూచించెను. పిడుగు వచ్చినచో ఆ తునక తాను నశించి లోపలి యంత్రమును కాపాడును.

ఇందలి మర్మమును అంతకు ముందే, 1841లో, ఇంగ్లండునందు జౌల్ అను శాస్త్రజ్ఞుడు వెల్లడించి యుండెను. ప్రవాహము రెండింతలైనచో తీగలో పుట్టు వేడిమి రెండింతలు గాదు, నాలుగింతలగును. మూడింతలైనచో తొమ్మిదింతలగును. ఒకే ప్రవాహము లావు తీగయందును సన్నతీగయందును వరుసగా పారునపుడు, సన్నతీగయే ముందు కాగి కరగును.

తరువాత విద్యుద్దీపములు వచ్చెను. అమెరికాలో ఎడిసన్ 1880లో దీపముల తీగలకు రక్షకమైన ఇట్టి సాధనమునకు పేటెంటు పొందెను. ఎంత ప్రవాహమునకు ఎంత తీగ కరగవలెనో 1887లో కాక్‌బర్న్ అను నతడు శాస్త్రరీతిని పరిశోధించెను. 1890లో మోర్డే అను నతడు కరగుతీగను గొట్టములో బంధించి చుట్టును పొడి నింపు పద్ధతికి పేటెంటు పొందెను. కరగినపుడు పుట్టు నిప్పురవ్వ వెలుపలికి రాకుండుటకే ఈ యేర్పాటు.

ఇక మోటారు సైకిలు ఇంజనుతో నడచు బండ్ల మాట. ఇంగ్లండున మోర్గాన్ అను నతడు 1909లో మూడుచక్రముల బండికి అట్టి ఇంజనును అమర్చెను. ఆ కాలపు బండ్లకు సామాన్యముగా కార్బైడు దీపములే యుండెడివి. డైనమో, బ్యాటరీ, విద్యుద్దీపములు, విద్యుత్తుతో మ్రోగు హారను వచ్చినకొలది తీగలు హెచ్చెను. తీగలు హెచ్చినకొలది ఫ్యూజులును అవసరమయ్యెను. 1948లో ఇటలీలో స్కూటరునుండి ఆపె అను మూడుచక్రముల బండి పుట్టెను. 1955లో జర్మనీయందు బి.ఎం.డబ్ల్యు. వారు తమ మోటారు సైకిలు ఇంజనుతో ఇసెట్టా యను చిన్న కారు చేసిరి. మన పల్లెలలో తిరుగు ఆటో రిక్షా ఈ కుటుంబములోనిదే.

ఇట నా తప్పొకటి చెప్పుకొనవలసి యున్నది. కొన్ని యేండ్ల క్రిందట నా పూర్వశిష్యుని ఆటోలో రాత్రివేళ పెండ్లినుండి మరలి వచ్చుచుంటిమి. దీపపు ఫ్యూజు కరగిపోయెను. కొత్తది వేయగా అదియు కరగెను. శిష్యునియొద్ద మరియొకటి లేదు. “మాస్టారూ, ఏమి చేయుదును?” అనెను. “ఏదైన రాగితీగ చుట్టి పోనిమ్ము, అబ్బాయీ” అంటిని. అతడు గురువు మాట జవదాటలేదు. రెండు మైళ్లు పోయినపిమ్మట, కాలువ మలుపున దీపమారి, కాళ్లయొద్దనుండి పొగ లేచెను. అందరము దిగితిమి. అతడు చేయి కాల్చుకొని బ్యాటరీ తీగ లాగివేసెను. ప్రాణములు దక్కెను గాని తీగల కట్ట మాడిపోయెను. పది దినములు అతనికి జీవనోపాధి లేకపోయెను.

మరమ్మతు జరిగినంతసేపు నేను ప్రక్కనే కూర్చుంటిని. మొట్టమొదట బ్యాటరీ నెగటివు తీగను విప్పిరి. బండి ఇనుమంతయు దానితో కలిసియుండును గనుక, ముందు పాజిటివు విప్పబోయినపుడు పానా ఇనుమునకు తగిలినచో నిప్పులు రాలును. పిదప ప్రతి తీగకు గుర్తు కట్టి, చిలుము పట్టిన పాత ఫ్యూజు పెట్టెను తీసిరి. చిలుము పట్టినచోట పట్టు వదులై, ఆ వదులే వేడిమిని పుట్టించునట. మాడిన తీగలకు మారుగా అదే లావు తీగలు వేసిరి. హ్యాండిలు మెడయొద్ద దీపపు తీగ ఇనుమునకు ఒరసికొని పైతొడుగు అరిగియుండెను. మూలదోషమదియే! అచట రబ్బరు గొట్టము తొడిగిరి.

కొత్త పెట్టెను తడి తగులనిచోట బిగించిరి. అందు రెండు రేకులు గల ఫ్యూజులు. ఎరుపు 10 ఆంపియర్లకు, నీలము 15కు, పసుపు 20కి గుర్తు. ఏ ఫ్యూజు వేయవలెనను లెక్క సులభము. దీపపు వాట్లను బ్యాటరీ వోల్టులచే భాగింపవలెను. 36 వాట్ల దీపమునకు 12 వోల్టుల బ్యాటరీయందు 3 ఆంపియర్లు పారును. దానికి 5 ఆంపియర్ల ఫ్యూజు చాలును. తీగ భరింపగల దానికంటె ఫ్యూజు ఎన్నడును హెచ్చు కారాదు. చివరకు ఒక్కొక్క ఫ్యూజు పెట్టి, ఒక్కొక్క దీపము వెలిగించి పరీక్షించిరి.

ఆ రాత్రి రెండు ఫ్యూజులు కరగి, తీగ ఎచటనో ఒరసికొనుచున్నదని మాకు తెలిపినవి. నేను వాని మాట వినక నోరు మూయించితిని. కావున ఆర్యులారా, మీ యింటనైనను, మోటారు పంపునొద్దనైనను, బండిలోనైనను ఫ్యూజు కరగినపుడు లావుతీగను వెదకకుడు. అది యేల కరగినదని మొదట అడుగుడు. ఆ ప్రశ్నను నా శిష్యుని చేతిమీది మచ్చ నాకు నేర్పినది.