ఆంధ్ర మహిళా సభ

దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909–1981) మద్రాసులో స్థాపించిన సేవాసంస్థ. 1930ల చివర్లో మొదలైంది. భర్త పోయినవారు, అత్తింటివారు వదిలేసినవారు, బాల్యవివాహం వల్ల చదువు ఆగిపోయినవారు ఇక్కడికి వచ్చేవారు. ఎనిమిదేళ్లకే పెళ్లయి, పెద్దయ్యాక ఆ బంధం నుంచి బయటికొచ్చిన దుర్గాబాయికి వారి కష్టం పరాయిది కాదు.

తిండీ నీడా ఇచ్చి ఊరుకోకుండా చదువు చెప్పించడమే సభ గొప్పతనం. బడి వయసు దాటిన స్త్రీలను తక్కువ కాలంలో బెనారస్ మెట్రిక్ పరీక్షకు సిద్ధం చేసేవారు. సర్టిఫికెట్ చేతికొస్తే నర్సుగానో టీచరుగానో ఉద్యోగం దొరికేది. సొంత జీతంతో పిల్లల్ని పెంచుకోగలిగేవారు. సాయం కోరి వచ్చినవారిని దయకు పాత్రులుగా కాక విద్యార్థినులుగా చూడటం ఆ రోజుల్లో నిజంగా సాహసమే.

కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు 1953లో దుర్గాబాయి తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో బోర్డు ప్రారంభించిన సంక్షిప్త విద్యా కోర్సులకు మద్రాసు అనుభవమే పునాది. ఆ కోర్సులు దేశంలోని అనేక స్వచ్ఛంద సంస్థల ద్వారా నడిచాయి. సభ కాలక్రమంలో ఆస్పత్రులు, నర్సింగ్ శిక్షణ, వికలాంగుల చికిత్సకూ విస్తరించింది. హైదరాబాద్‌లో ఆస్పత్రి, కళాశాలలు నెలకొల్పింది.