రాత్రి గగనమున దారి

1949 జనవరి 30 నుండి మన దేశమున పెక్కు సంవత్సరములు ఒక ఏర్పాటు సాగినది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరములనుండి రాత్రివేళ బయలుదేరిన తపాలా విమానములు నడిరేయి నాగపూరులో కలిసికొని, ఉత్తరముల సంచులు మార్చుకొని, తిరిగి పోయెడివి. మద్రాసు విమానము తెలుగునేల మీదుగా పోవలసినదే. నిద్రించు పల్లెలపైన ఆ చోదకుడు దేనిని చూచి దారి తెలిసికొనుచున్నాడో మనలో ఎందరము ఆలోచించితిమి? ఆ విద్య మానవునకు సులభముగా అబ్బినది కాదు.

తొలినాటి వైమానికులకు పగటి వెలుగే ఆధారము. నదులను, రైలుదారులను చూచుకొనుచు పోయెడివారు. సూర్యునికెదురుగా ఎగురునప్పుడు కన్నులు చెదరి ఆ గుర్తులును కానరావు. అయినను దిక్కు చెప్పుటలో సూర్యుడు మిత్రుడే. ధ్రువప్రాంతములలో అయస్కాంతపు సూదిని నమ్మరాదు గనుక, 1926లో ఉత్తర ధ్రువమువైపు ఎగిరిన బర్డు నీడనుబట్టి దిక్కు తెలుపు సూర్యదిక్సూచిని వెంట గొనిపోయెను. ప్రొద్దు గ్రుంకిన పిదప మాట వేరు.

అమెరికాలో తపాలా పగలు విమానమునను, రాత్రి రైలునను పోయెడిది. ఇంతమాత్రమునకు విమానము లెందుకని శాసనసభ్యులు ప్రశ్నింపసాగిరి. అధికారులు 1921 ఫిబ్రవరి 22న తెగించి, రెండు తీరములనుండియు రేయింబవళ్ళు ఎగురుటకై విమానములను పంపిరి. నెవాడాలో ఒక చోదకుడు కూలి మరణించెను. తూర్పునుండి వచ్చినవి షికాగో దాటలేకపోయెను. మిగిలిన ఆశ యంతయు జాక్ నైట్ అను చోదకునిపై నిలిచెను. అతడు రాత్రి పదిన్నర దాటిన పిమ్మట నార్త్ ప్లాట్ విడిచెను. దారిపొడవున ప్రజలు వేసిన నెగళ్ళు అతనికి దీపస్తంభములు. ఒమాహా చేరినంతట, అక్కడనుండి తపాలా గొనిపోవలసిన చోదకుడు మంచువలన రాలేదని తెలిసినది. ఆ పైదారిలో నైట్ ఎన్నడును ఎగిరినవాడు కాడు; అయినను పటము పుచ్చుకొని బయలుదేరెను. అయోవా సిటీలో ఒంటరి కావలివాడు వెలిగించిన జ్వాల అతనిని దింపినది. ఉదయమునకు షికాగో చేరెను. శాన్‌ఫ్రాన్సిస్కో ఉత్తరములు 33 గంటల 20 నిమిషములలో న్యూయార్కున కందినవి. శాసనసభ 12 లక్షల 50 వేల డాలర్లు మంజూరు చేసెను. 1924 నాటికి తిరుగు దీపముల వరుస వెలసి, రాత్రి తపాలా నిత్యకృత్యమైనది.

కాని దీపములు నిర్మలాకాశమునకే. మేఘములో చొచ్చిన చోదకునికి నింగియు నేలయు ఒకటియే. అప్పుడతడు తన శరీరమును నమ్ముకొనును, మోసమంతయు అచ్చటనే. మన చెవిలోపలి నాళములందలి ద్రవము తల తిరుగుటను తెలుపును. విమానము మెల్లగా ఒకే తీరున మలుపు తిరుగుచుండినచో, కొన్ని క్షణములలో ఆ ద్రవమును నాళములతో సమముగా తిరుగసాగును. మలుపే లేదని తోచును. విమానమును సరిదిద్దినంతనే రెండవవైపునకు ఒరుగుచున్నట్లు అనిపించును. చోదకుడు భయపడి మరల మొదటి మలుపునకే త్రిప్పును. విమానము సుడి తిరుగుచు దిగజారును. గిరగిర తిరిగి చటుక్కున ఆగిన పిల్లలకు ఈ సంగతి కొంత తెలిసియే యుండును. ఎందరో చతురులైన చోదకులు ఇట్లే ప్రాణములు కోల్పోయిరి.

దారి చూపుటకు రేడియో తోడ్పడినది. నేలపై నున్న ప్రసారిణి ఒకవైపు చుక్క-గీతను, రెండవవైపు గీత-చుక్కను పంపును. నడుమ సరిగా పోవువానికి రెండును కలిసి ఎడతెగని ఒకే నాదము వినవచ్చును. దారి తప్పినంతనే నాదము విరుగును. ఇక మిగిలినది విమానము ఒరిగినదా లేదా అని తెలుపు సాధనము.

1929 సెప్టెంబరు 24న న్యూయార్కు సమీపమున మిచెల్ ఫీల్డులో జిమ్మీ డూలిటిల్ తన ఆసనముపై మూత వేయించుకొనెను. వెలుపలిది ఏమియు కనబడదు. ఎదుట గైరోస్కోపుతో పనిచేయు కృత్రిమ క్షితిజరేఖ, దిక్కు తెలుపు మరియొక గైరోస్కోపు, కొద్ది అడుగుల తేడానైన చూపు ఎత్తుమాపకము, రేడియో సంజ్ఞలు, ఇంతే. అపాయము కలిగినచో ఆదుకొనుటకై ముందు ఆసనమున బెన్ కెల్సీ కూర్చుండెను. డూలిటిల్ లేచెను, మలుపులు తిరిగెను, సుమారు 15 నిమిషములకు బయలుదేరిన మైదానముననే దిగెను. దిగుట మాత్రము అంత నేర్పుగా సాగలేదని ఆయనయే తరువాత ఒప్పుకొనెను. విమానమును తాను నడపుట లేదని క్రిందివారికి తెలియుటకై, కెల్సీ తన చేతులను వారికి కనబడునట్లు వెలుపల ఉంచెను.