కొండల నడుమ నీటి ఒడ్డు: విశాఖలో విశ్రాంతి స్థలాల చరిత్ర

మనిషికి శ్రమ ఎంత సహజమో, శ్రమ నుండి కొంత ఊరట కోరుకోవడమూ అంతే సహజం. ఆ ఊరటను కొండలూ నీళ్ళూ కలిసిన చోట వెదకడం చరిత్రలో పాత అలవాటు. దీనికి ఉదాహరణగా ముందుగా కాశ్మీరును పేర్కొంటారు. దాల్ సరస్సు సమీపాన, కొండల పాదాన, జహాంగీరు కాలంలో 1619 ప్రాంతాన షాలిమార్ తోట రూపొందింది. మైదానపు ఎండలకు తాళలేక పాదుషా పరివారం పీర్ పంజాల్ కనుమలు దాటి అక్కడికి చేరేది. ఆ పరివారపు సామాను మోసిన వేలాది కూలీలు మాత్రం తోటలో విశ్రమించడానికి వెళ్ళలేదు. కనుక విశ్రాంతి స్థలాన్ని గురించి చరిత్రకారుడు అడగవలసిన మొదటి ప్రశ్న ఒకటుంది: అది ఎవరి విశ్రాంతి? తెలుగునాట ఈ ప్రశ్న వేయడానికి విశాఖపట్నం తగిన చోటు.

నేడు ఓడరేవుగా, ఉక్కునగరంగా పేరు పొందిన ఈ పట్నం ఒకప్పుడు కొండల నడుమ నీటి ఒడ్డున ఉన్న చిన్న ఊరు. దక్షిణాన యారాడ కొండ, దాని కొసన సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన డాల్ఫిన్స్ నోస్. ఉత్తరాన సింహాచలం, కైలాసగిరి వరుసలు. వాటి మధ్య మేఘాద్రిగెడ్డ నీరు, సముద్రపు పోటు నీరు కలిసి, విశాలమైన ఉప్పుటేరుగా, చిత్తడి నేలగా పరచుకొని ఉండేవి.

ఈస్టిండియా కంపెనీ 1680 దశకంలో ఇక్కడ వర్తక స్థావరం ఏర్పరచింది. మొగలులకూ కంపెనీకీ యుద్ధం వచ్చినపుడు, 1689లో ఔరంగజేబు సేనలు దానిని పట్టుకొన్నాయి; తరువాత అది మళ్ళీ కంపెనీ చేతికి వచ్చింది. కోట ఉప్పుటేరుకు దగ్గరగా ఉండడంతో అక్కడి తెల్లవారికి జ్వరాల భయం ఎక్కువ. అందుచేత వారు క్రమంగా ఉత్తరాన మూడు మైళ్ళ దూరంలో, ఎర్రమట్టి మెరకల మీద, సముద్రపు గాలి తగిలే వాల్తేరులో బంగళాలు కట్టుకొన్నారు. వాల్తేరుకు ఆరోగ్యస్థలమనే పేరు అలా వచ్చింది. 1890 దశకంలో రైలు వచ్చాక దూరప్రాంతాల వారికి కూడా అది విడిదిగా మారింది. కాని పల్లపు వీధులలోని బెస్తలకూ కూలీలకూ ఆ మెరక అందుబాటులో లేదు. వారు జ్వరాల మధ్యనే ఉండిపోయారు.

అయితే అదే ఉప్పుటేరు ముఖద్వారాన మరొక మెరక ఉంది. పాతపట్నంలో పక్కపక్కనే మూడు చిన్న కొండలున్నాయి. ఒకదానిపై రాస్ హిల్ చర్చి, మరొకదానిపై వెంకటేశ్వరాలయం, ఇంకొకదానిపై హజ్రత్ ఇస్‌హాఖ్ మదీనా దర్గా. బ్రిటిషు కాలపు జిల్లా గ్రంథాలలో ఈ దర్గాను గురించి ఒక ముచ్చట ఉంది. రేవులోకి వచ్చే ఓడలూ వెళ్ళే ఓడలూ తమ జెండాను మూడుమార్లు ఎత్తి దించి, కొండపై నిద్రించే ఆ మహనీయునికి సలాము చేసేవట. ప్రయాణం క్షేమంగా ముగిసిన తరువాత హిందువులైన ఓడ యజమానులు వెండితో చేసిన చిన్న ధోనీలను అక్కడ సమర్పించేవారట. బంగాళాఖాతపు గాలివానలపై ఆయనకు అధికారం ఉన్నదని వారి నమ్మకం.

ప్రకృతిపై అధికారం అల్లాహ్‌కు తప్ప మరెవరికీ లేదని ఉలమాలు ఇటువంటి నమ్మకాన్ని నిరసించారు. ఆ అభ్యంతరం చిన్నది కాదు. తౌహీదును ఎరిగినవారు దానిని తోసిపుచ్చలేరు. కాని నమ్మకం సరియైనదా కాదా అని తేల్చడం ఒక పని, అది ఎందుకు పుట్టిందో తెలుసుకోవడం మరొక పని. తుపానుల కాలంలో తెరచాపను నమ్ముకొని బయలుదేరిన సరంగుకు తీరాన మొదట కనిపించే కొండ అంటే ప్రాణం దక్కిందన్న గుర్తు. తమిళ తీరంలో నాగూరు షాహుల్ హమీద్ దర్గాను నావికులు ఆదరించడంలోనూ ఇదే కనిపిస్తుంది. వాల్తేరు బంగళా కొందరికి సెలవు దినాల సుఖమిస్తే, దర్గాకొండ మతభేదం లేకుండా కష్టజీవులకు మనశ్శాంతినిచ్చింది.

తరువాత నీటి రూపమే మారింది. చిత్తడిని తవ్వి లోపలి రేవును నిర్మించారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ మొదటిగా ప్రవేశించింది; అదే డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశాడు. 1957లో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది. ప్రజల పోరాటంతో సాధించుకొన్న ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమైంది. వేలాది కుటుంబాలకు అన్నం దొరికింది. కాని ఏ కొండలు ఓడలకు చాటునిచ్చాయో, ఆ కొండలే పొగను బయటికి పోనీయక పళ్ళెంలో వలె నిలిపివేశాయి. రేవులోని బొగ్గు, ఇనుప ఖనిజాల ధూళి పాతపట్నపు ఇళ్ళపై పడింది. పూర్వం మెరకకు పోలేక జ్వరపడినవారి వాడలే ఈసారి ధూళికీ గురయ్యాయి.

నేటి యాత్రికుడు సాగరతీరాన కూర్చొని, కైలాసగిరి ఎక్కి, అరకు దారి పట్టి సేదదీరుతాడు. అందులో తప్పు లేదు. అయితే ఒక పూట పాతపట్నపు దర్గాకొండ కూడా ఎక్కితే, కింద రేవు కాలువ, ఎదుట యారాడ కొండ, దిగువ ఇరుకు వీధులు ఒక్కచోటే కనిపిస్తాయి. ఆ వీధులలోని వారికి మంచిగాలి అందిన నాడే ఈ పట్నం విశ్రాంతి స్థలమనే పేరుకు పూర్తిగా తగుతుంది.