రోమనెస్కు తోరణము, డోర్నకల్ స్తంభము

దేవాలయ నిర్మాణమునుగూర్చి మాట వచ్చినప్పుడెల్ల, సూదిమొన కిటికీలు, ఎత్తైన గంటగోపురము ఉన్నప్పుడే అది చర్చి అనిపించుకొనునని మన విశ్వాసులలో అనేకులు తలంచుచున్నారు. డోర్నకల్ స్తంభములను చూచి "ఇది గుడి పోలికగా ఉన్నదే" అని నొచ్చుకొన్నవారిని మేమెరుగుదుము. ఈ అభ్యంతరమును చరిత్ర వెలుగులో పరిశీలింపవలసియున్నది.

ఆదిమ క్రైస్తవులు ఇండ్లలో కూడుకొనిరి. 4వ శతాబ్దములో, కాన్‌స్టంటైన్ కాలమున, పెద్ద మందిరములు కావలసివచ్చినప్పుడు రోమీయుల బసిలికాను తీసికొనిరి. బసిలికా అనగా న్యాయవిచారణయు వర్తకమును జరిగిన పొడవాటి సభాశాల. 11, 12 శతాబ్దములలో ఐరోపా అంతట వ్యాపించిన శైలికి రోమనెస్కు అను పేరు రోమీయ కట్టడముల పోలికను బట్టియే వచ్చినది. మందమైన గోడలు, చిన్న కిటికీలు, అర్ధవృత్తాకార తోరణములు దాని గుర్తులు. రాతికప్పు బరువంతయు గోడయే మోయవలెను. కిటికీ పెద్దదైనచో గోడ బలము తగ్గును. అందుచేత లోపల మసకవెలుగే. సూదిమొన తోరణము, వెలుపలి ఊతగోడలు వచ్చిన గాథిక్ కాలముననే వెలుగు ధారాళముగా ప్రవేశించెను.

ఇంగ్లండులో కిల్‌పెక్ అను పల్లెయందు సుమారు 1140లో కట్టిన చిన్న సంఘ దేవాలయము నేటికిని నిలిచియున్నది. ఎర్ర ఇసుకరాతి ద్వారముపై తీగెలు, సర్పములు. చూరుక్రింద కుక్క, కుందేలు, వింత ముఖములు! అయినను అది అన్యమందిరమని నేడు ఎవరందురు?

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకము పొంది, ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషప్పు ఆయెను. ఆయన డోర్నకల్‌లో కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్ 1939లో ప్రతిష్ఠింపబడినది. గుమ్మటములు మసీదు వాస్తువును, స్తంభములు దక్షిణాది ఆలయ వాస్తువును తలపించును. తామర భారతదేశమునకు, ఉమ్మెత్తపువ్వు మరణమునకు, అరటిమొగ్గ మరణమునుండి వచ్చు జీవమునకు గుర్తులని చెప్పుదురు. గెల వేసిన చెట్టు నశించును, దాని మొదట పిలక లేచును. ఇది రైతుకు వివరింపనక్కరలేదు. యోహాను 12:24లోని గోధుమగింజ మాటను తెలుగు నేలమీద ఇంతకంటె చక్కగా చెక్కుట కష్టమని మా అభిప్రాయము.

మెదక్‌లో చార్లెస్ వాకర్ పోస్నెట్ గాథిక్ శైలిలో కట్టించిన కథీడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడెను. గోపురము 175 అడుగులు. కరవులో ఆకలిగొన్నవారికి ఆ పనియే కూడు పెట్టినది. కరవుసీమలో సేవచేయు మేము దానిని తక్కువ చేయజాలము. అయినను అందలి తోరణము కూలివాని ఊరిది కాదు.

సోమందేపల్లెలో రాయికి కొదువ లేదు. లేపాక్షి స్తంభములు, పెనుకొండలోని షేర్‌ఖాన్ మసీదు దూరమేమియు కావు. విగ్రహమును తెచ్చుకొనుమని మేము చెప్పుటలేదు, పనితనమును చూడుమనుచున్నాము. క్రొత్త మందిరమునకు సిమెంటుతో సూదిమొన కిటికీ పోయకముందు, సంఘపెద్దలు మేస్త్రిని వెంటబెట్టుకొని ఒక దినము ఆ రెండు చోట్లకు పోయివచ్చుట మేలు.