గ్రంథస్వామ్యం – విద్య అమానతు: వర్రాఖుల బాగ్దాదు నుండి డిజిటల్ గ్రంథాలయం వరకు

నెల్లూరు జిల్లాలోని శిలాశాసనాలను, తామ్రశాసనాలను ఎలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి అను ఇరువురు సేకరించి కూర్చగా, 1905లో అవి మద్రాసులో మూడు సంపుటాలుగా వెలువడినవి. తాలూకాల వారీగా సాగిన ఆ గ్రంథంలో కనిగిరి తాలూకాకు ప్రత్యేక భాగమున్నది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా (తరువాతి ప్రకాశం జిల్లా) ఏర్పడే వరకు కనిగిరి నెల్లూరు జిల్లాలోనిదే. ఆ శాసనాలను చెక్కించిన వారి ఉద్దేశం ఒక్కటే: దానమిచ్చినదెవరు, పొందినదెవరు అన్న సంగతి దారిన పోయే ప్రతివాడూ చదవాలి, ఎవడూ దాచకూడదు, ఎవడూ మార్చకూడదు. రాతి మీది మాట పుస్తకమైనది. అచ్చు ప్రతులు అరుదైపోయిన తరువాత పుస్తకం ఛాయాప్రతిగా మారి అంతర్జాలంలో చేరినది. నేడు కనిగిరిలో కూర్చున్న విద్యార్థి తన ఊరి శాసనాన్ని చేతిలోని ఫోనులో పైసా ఖర్చు లేకుండా చదువుకోగలడు. ఆ గ్రంథంపై స్వామ్యపు గడువు ఏనాడో తీరిపోయినది.

దీనికి పక్కనే మరొక ఉదాహరణను ఊహించి చూడవచ్చు. 1960 ప్రాంతంలో తెలుగులో అచ్చయిన ఒక ఇస్లామీయ గ్రంథమున్నదనుకుందాం. రచయిత 1980లో గతించినారు. ప్రచురణ సంస్థ మూతపడినది. వారసులెవరో తెలియదు. మిగిలిన రెండు మూడు ప్రతులు చెదలపాలవుతున్నవి. చట్టప్రకారం ఆ గ్రంథంపై హక్కు 2040 సంవత్సరాంతం వరకు సజీవమే. అచ్చువేసేవారు లేరు, వేయదలచిన వారికి అనుమతి ఇచ్చేవారు లేరు. ఎనిమిది వందల ఏండ్ల నాటి అరబ్బీ గ్రంథం సులభంగా దొరుకుతున్నది. తాతగారి కాలపు తెలుగు గ్రంథం దొరకడం లేదు. ఈ వింత పరిస్థితి ఎలా వచ్చినదో గ్రహించాలంటే గ్రంథానికీ, దానిని రచించినవారికీ, చదివేవారికీ మధ్య గల హక్కుల చరిత్రను చూడవలసియున్నది.

విద్య అమానతుగా

దివ్య ఖుర్‌ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయతు, అల్ బఖరా సూరాలోని 282వ ఆయతు, వ్రాతకు సంబంధించినదే. అప్పు పత్రం వ్రాయడం, లేఖకుడు న్యాయంగా వ్రాయడం, సాక్షులను పెట్టుకోవడం అందులోని విషయాలు. దాని వెంటనే వచ్చే ఆయతు సాక్ష్యాన్ని దాచడాన్ని నిషేధిస్తున్నది. తెలిసిన విద్యను అడిగినవారి నుండి దాచేవానికి కఠిన హెచ్చరిక హదీసు గ్రంథాలలో ఉన్నది. ఈ పునాది మీదనే ఇస్లామీయ విద్యావ్యవస్థ నిలిచినది. విద్యను దాచరాదు, అదే సమయంలో దానిని ఎవరి నుండి పొందినారో చెప్పక తప్పదు. మొదటిది చదివేవారి హక్కు. రెండవది చెప్పినవారి హక్కు.

ఇస్నాదు, ఇజాజతు అనే పద్ధతులు ఈ రెండవ హక్కు నుండి పుట్టినవే. గురువు వద్ద గ్రంథాన్ని విని, సరిచూసుకొని, దానిని ఇతరులకు చెప్పే అనుమతిని శిష్యుడు పొందేవాడు. ప్రాచీన వ్రాతప్రతుల అంచులలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ విన్నారో తెలిపే వివరాలు నేటికీ కనిపిస్తున్నవి. ఇజాజతు సొమ్ము కొరకు ఏర్పడిన హక్కు కాదు. మాట చెడకుండా, పేరు చెరగకుండా కాపాడే బాధ్యత అది.

అయితే సొమ్ము ప్రసక్తి ఆనాడు లేకపోలేదు. బాగ్దాదులో కాగితం అమ్మి, గ్రంథాలకు ప్రతులు వ్రాసి జీవించేవారిని వర్రాఖులనేవారు. హిజ్రీ 207 (క్రీ.శ. 822)లో మరణించిన వ్యాకరణ పండితుడు అల్ ఫర్రా తన ‘మఆనీ అల్ ఖుర్‌ఆన్’ గ్రంథాన్ని సభలో చెప్పి వ్రాయించినారు. వర్రాఖులు ఆ గ్రంథాన్ని తమ వద్దనే బిగించుకొని, ఐదు పత్రాలకు ఒక దిర్హమ్ చొప్పున ఇస్తేనే ప్రతి వ్రాసి ఇస్తామన్నారు. ప్రజలు అల్ ఫర్రాతో మొరపెట్టుకున్నారు. ఆయన నచ్చజెప్పినా వర్రాఖులు వినలేదు. అప్పుడాయన అంతకంటె విపులమైన మరొక గ్రంథాన్ని అందరి ఎదుట చెప్పి వ్రాయిస్తానని ప్రకటించినారు. తమ సరుకు విలువ పడిపోతుందని భయపడిన వర్రాఖులు దిగివచ్చి, దిర్హమ్‌కు పది పత్రాల ధరకు ఒప్పుకున్నారు. ఈ ఘటనలో లేఖకుని కూలిని అల్ ఫర్రా కాదనలేదని పాఠకులు గమనించగలరు. గ్రంథాన్ని బిగపట్టడాన్నే ఆయన కాదన్నారు.

పేరు విషయంలో పండితులు మరింత కఠినంగా ఉన్నారు. 1505లో మరణించిన ఇమామ్ సుయూతీ తన రచనలను పేరు చెప్పకుండా వాడుకున్న వారిపై ఒక చిన్న గ్రంథమే వ్రాసినారు. గ్రంథకర్తకూ దొంగకూ గల తేడా అన్నది దాని శీర్షికలోని భావం. ఆయన ఆక్షేపణ చదవడంపై కాదు, ప్రతి తీయడంపై కాదు; ఆధారం చెప్పకపోవడంపైనే.

అచ్చుయంత్రం – చట్టం

అచ్చుయంత్రంతో పరిస్థితి మారినది. ప్రతి తీయడం ఒక్కొక్క లేఖకుని చేతిపని కాక, పెట్టుబడితో కూడిన వ్యాపారమైనది. 1710లో ఇంగ్లండులో అమలులోకి వచ్చిన చట్టం గ్రంథకర్త హక్కుకు పరిమిత గడువు నిర్ణయించినది. భారతదేశంలో కంపెనీ పాలనలో 1847లో వచ్చిన చట్టం రచయిత జీవితకాలం, ఆపై 7 సంవత్సరాలు, లేదా 42 సంవత్సరాలు, ఏది ఎక్కువైతే అది అన్నది. 1914 చట్టం దీనిని మరణానంతరం 50 సంవత్సరాలకు పెంచినది. స్వతంత్ర భారతంలోని 1957 చట్టం అదే గడువును నిలిపినది. 1941లో గతించిన రవీంద్రనాథ్ ఠాగూరు రచనలపై హక్కు 1991తో ముగియనుండగా, 1992 సవరణ ఆ గడువును 60 సంవత్సరాలు చేసినది. ఒక మహాకవి రచనల నిమిత్తం జరిగిన మార్పు దేశంలోని ప్రతి చిన్న పుస్తకానికీ వర్తించినది.

తెలుగు ముస్లిం పాఠకులకు ఈ గడువు ఎలా వర్తిస్తుందో చూపే చక్కని ఉదాహరణ దివ్య ఖుర్‌ఆన్ యొక్క మొదటి తెలుగు అనువాదం. అనంతపురంలో అధ్యాపకులుగా పనిచేసిన భాషాశాస్త్రవేత్త, హిందూ పండితుడు చిలుకూరి నారాయణరావుగారు దీనిని 1925లో వెలువరించినారు. ఖుర్‌ఆన్ అరబ్బీ మూలంపై ఏ మానవునికీ స్వామ్యం లేదు. కాని అనువాదం అనువాదకుని శ్రమ గనుక, చట్టం దృష్టిలో అది వేరే రచన. నారాయణరావుగారు 1951లో మరణించినారు. 1957 చట్టంలోని పూర్వపు గడువు ప్రకారమైతే ఆ అనువాదం 2002 ప్రారంభంలోనే అందరిదీ కావలసినది. సవరణ వలన అది 2012 జనవరి 1 వరకు ఆగినది. నేడు దానిని ఎవరైనా అచ్చువేయవచ్చు. అనువాదకుని పేరు తీసివేసే అధికారం మాత్రం నైతికంగా ఎవరికీ రాలేదు.

ధర్మపండితుల చర్చ

ముద్రణ హక్కును దాచుకోవడం, అమ్ముకోవడం ధర్మసమ్మతమా అన్న ప్రశ్నపై భారత ఉపఖండపు ఉలమాలు సుదీర్ఘంగా చర్చించినారు. చేతికి చిక్కని కేవల హక్కును సొత్తుగా అమ్మరాదన్నది హనఫీ న్యాయశాస్త్రంలో ప్రసిద్ధమైన నియమం. పుస్తకం కొన్నవాడు ఆ ప్రతికి యజమాని, దానిని చూచి మరొక ప్రతి తీసుకోకుండా అడ్డగించడమెలా అని ఒక వర్గం వాదించినది. మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మలై) తన అసంఖ్యాక రచనలలో దేనిపైనా ముద్రణ హక్కును ఉంచుకోలేదు. ఎవరైనా అచ్చువేసుకోవచ్చునన్నారు. ‘బిహిష్తీ జేవర్’ ఇంటింటా చేరడానికి ఇది కూడా ఒక కారణం.

రెండవ వర్గం మారిన వ్యవహారాన్ని చూపినది. రచయిత ఏండ్ల తరబడి శ్రమిస్తాడు, ప్రకాశకుడు పెట్టుబడి పెడతాడు. మరొకడు మరునాడే దానిని చవకగా అచ్చువేసి వారిని నష్టపరచడం అన్యాయం కాదా అన్నది వారి ప్రశ్న. ముఫ్తీ ముహమ్మద్ షఫీ (రహ్మలై) మొదటి అభిప్రాయం వారు కాగా, వారి కుమారులు మౌలానా తఖీ ఉస్మానీ ఉభయపక్షాల ఆధారాలను పరిశీలించి హక్కును గుర్తించే వైపు మొగ్గినారు. 1988 డిసెంబరులో కువైత్‌లో జరిగిన జిద్దా ఫిఖహ్ అకాడమీ ఐదవ సమావేశం గ్రంథకర్త హక్కు ధర్మరీత్యా రక్షణ గల హక్కేనని తీర్మానించినది.

పైకి ఎదురెదురుగా కనిపించినా ఈ రెండు అభిప్రాయాల మూలం ఒక్కటే. విద్య బిగింపబడకూడదని ఒకరు, విద్యావంతుడు నష్టపోకూడదని మరొకరు అన్నారు. శ్రమించినవాడూ లేక, ఫలం పొందేవాడూ లేక, పుస్తకం మాత్రం బిగిసిపోయి ఉండడాన్ని ఎవరూ సమర్థించలేదు.

డిజిటల్ గ్రంథాలయం

నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన కంప్యూటరు శాస్త్రజ్ఞుడు రాజ్ రెడ్డిగారి ప్రేరణతో పది లక్షల గ్రంథాల ఛాయాప్రతులు తీసే ప్రయత్నం మొదలైనది. దాని భారతీయ శాఖగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏర్పడినది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ దానికొక ప్రధాన కేంద్రం. తెలుగు, ఉర్దూ, అరబ్బీ, ఫార్సీ గ్రంథాలు వేల సంఖ్యలో ఇందులో చేరినవి. కాని గడువు తీరని పుస్తకాలు కూడా అందులో కలిసిపోయినవి. స్వామ్య ఉల్లంఘన ఫిర్యాదులు వచ్చినవి. 2017 నాటికి ఆ గ్రంథాలయం పాఠకులకు మూతపడినది. దాని నుండి నాలుగు లక్షలకు పైగా గ్రంథాలు అంతకుముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులుగా చేరియుండడం వలన ఆ శ్రమ పూర్తిగా వ్యర్థం కాలేదు.

ఈ ప్రయత్నంలో బయటపడిన లోపం చట్టసంబంధమైనది మాత్రమే కాదు. తెలుగు గ్రంథాల పేర్లు, రచయితల పేర్లు రోమను లిపిలో తప్పులతడకగా నమోదైనవి. ఒక రచయిత పేరు నాలుగు విధాలుగా పడినది. కొన్నింటికి రచయిత పేరే లేదు. ఛాయాప్రతి ఉన్నది, కాని వెదకిన వానికి దొరకదు. సుయూతీ కాలంలో పేరు చెరగడానికి ఒకని దురుద్దేశం కావలసివచ్చినది. నేడు ఒక గుమాస్తా ఏమరుపాటు చాలు. ఇస్నాదును కాపాడిన సమాజం వారసులకు ఇది చిన్న విషయం కారాదు.

చట్టం తెరచిన ద్వారాలు

గ్రంథస్వామ్య చట్టం తలుపులన్నీ మూసివేసినదనుకోవడం పొరపాటు. వాణిజ్యేతర ప్రజా గ్రంథాలయం తన వద్ద ఇప్పటికే ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్ ప్రతి తీసి ఉంచుకోవచ్చునని 2012 సవరణ చెప్పినది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకానికి అటువంటి గ్రంథాలయం మూడు ప్రతుల వరకు తీసుకోవచ్చును. రచయిత గతించి లేదా ఆచూకీ తెలియక, హక్కుదారు దొరకని గ్రంథాన్ని ప్రచురించడానికి పత్రికా ప్రకటన చేసి, తగిన అధికార పీఠం ద్వారా లైసెన్సు పొందే మార్గం 31ఏ సెక్షనులో ఉన్నది. జీవించియున్న రచయిత బహిరంగ ప్రకటనతో తన హక్కును వదులుకోవచ్చునని 21వ సెక్షను అంటున్నది. మౌలానా థానవీ ఆచరించిన దానికి చట్టంలో ఇది దగ్గరి రూపం. హక్కు బదిలీ అయిన తరువాత కూడా రచన తనదని చెప్పుకునే అధికారం రచయితకు ఉంటుందని 57వ సెక్షను నిలిపినది. అమానతు భావానికి చట్టంలో అన్నిటికంటె దగ్గరి నియమం ఇదే.

సమాచార చట్టంతో కూడా దీనికి సంబంధమున్నది. 2005 సమాచార హక్కు చట్టం రికార్డులను పట్టికలతో క్రమపరచి, వీలైనవాటిని కంప్యూటరులో చేర్చడాన్ని ప్రభుత్వ కార్యాలయాల విధిగా చేసినది. ప్రభుత్వేతరుల గ్రంథస్వామ్యానికి భంగం కలిగే సందర్భంలో మాత్రం దరఖాస్తును తిరస్కరించవచ్చునని దాని 9వ సెక్షను అంటున్నది. అంటే ప్రభుత్వం తన సొంత స్వామ్యాన్ని అడ్డుపెట్టి ఆ సెక్షను కింద సమాచారం దాచలేదు. వఖఫు ఆస్తుల జాబితా వెలువడిన గెజెటును ఎవరైనా ప్రతి తీసి ప్రచురించవచ్చును. మసీదు భూమి హద్దులు తెలిసిన గెజెటు ప్రతి ముతవల్లి బీరువాలో ఒక్కటే ఉండడం కంటె, జమాతులో పదిమంది వద్ద ఉండడం క్షేమం. అల్ బఖరా ఆయతు సాక్షులను ఎందుకు కోరినదో ఇక్కడ బోధపడుతుంది.

ఇన్ని మార్గాలున్నా లైసెన్సు దరఖాస్తు, న్యాయవాది, పత్రికా ప్రకటన అన్నవి కనిగిరి వంటి ఊరిలోని చిన్న సంఘానికి దూరపు సంగతులే. దగ్గరి మార్గమొకటి ఉన్నది. గత శతాబ్దంలో తెలుగులో ఇస్లామీయ రచనలు చేసినవారి కుమారులు, కుమార్తెలు చాలా ఊళ్ళలో నేటికీ ఉన్నారు. ఎవరి ఇంట ఏ పుస్తకమున్నదో పెద్దలకు తెలుసు. వారసుల వద్దకు వెళ్ళి, పునర్ముద్రణకు, డిజిటల్ ప్రతికి వ్రాతపూర్వకమైన అనుమతి పొంది, రచయిత పేరు, ఊరు, ముద్రణ సంవత్సరం తెలుగు లిపిలో తప్పు లేకుండా నమోదు చేస్తే ఏ న్యాయస్థానంతోనూ పనిలేదు. వారసులు పలువురైతే అందరి సంతకాలూ తీసుకోవాలి. ఈ హక్కు కూడా వారసత్వంగా సంక్రమించేదే.

ఈ పనికి గడువున్నది. చట్టం గడువు 60 సంవత్సరాలు. మనిషి జ్ఞాపకం గడువు అంత లేదు. తండ్రి వ్రాసిన పుస్తకం గురించి కుమారునికి తెలుసు, మనుమనికి పేరు తెలియవచ్చు, ముని మనుమనికి అది కూడా తెలియదు. అప్పటికి హక్కు ఉంటుంది, అనుమతించే మనిషి ఉండడు. కనిగిరి తాలూకా శాసనాలను 1905 నాటికే కాగితం మీదికి ఎక్కించినందున, ఆ తరువాత రాయి పగిలినా మాట మిగిలినది. పెట్టెలలోని పుస్తకాలకు అటువంటి కాలం ఇదే.