తాత రాలీ సైకిలు ఎందుకు నిలిచిపోయింది

మన ఇంట్లో అందరికీ తెలిసిన కథ ఒకటుంది. 1981లో నాయన హోసూరు సిప్కాట్‌లో ఒక ఫ్యాక్టరీలో పనికి చేరినాడు. మరుసటేడు మోపెడ్ కొన్నాడు. మోపెడ్ వచ్చినాక తాత సైకిలు తొక్కడం మానేసినాడు, అప్పటినుంచి ఆ రాలీ సైకిలు బాగలూరు ఇంటి వెనక గోడకు ఆనుకొని నిలబడిపోయింది. చిన్నాయన ఇట్లే చెప్తాడు, అత్త ఇట్లే చెప్తుంది, నేనూ ఇన్నేళ్ళు ఇట్లే చెప్పినాను. పోయిన సంవత్సరం సైకిలు విప్పి చూసినాక ఆ కథ తిరగబడింది. అది రాసి పెడదామని ఇది. నేను చదివింది కన్నడ మీడియం, తెలుగు అక్షరాలు అవ్వ పక్కన కూచొని నేర్చుకొన్నవి. ఒత్తులు తప్పితే మీరే దిద్దుకొని చదవండి.

తాత ఆ సైకిలును 1955లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. హోసూరు పశువుల ఫారంలో పనిచేసే ఒకాయన బదిలీ అయి పోతా పోతా అమ్మినాడంట. అప్పుడు మనది సేలం జిల్లా. 1965లో ధర్మపురి జిల్లా అయింది, 2004లో కృష్ణగిరి జిల్లా అయింది. ఇల్లు కదల్లేదు, జిల్లాలే మారినాయి. బాగలూరు నుంచి బేరికె దోవలో ఉండే బడికి తాత రోజూ దానిమీదే పోయి వచ్చేవాడు. సైకిలు పన్ను కట్టినందుకు ఇచ్చిన బిళ్ళ ఇంకా అవ్వ పెట్టెలో ఉంది. ఇప్పటి పిల్లలు నమ్మరు గానీ, ఆ కాలంలో సైకిలుకు కూడా లైసెన్సు ఉండేది, రాత్రి దీపం లేకుండా తొక్కితే పోలీసు నిలబెట్టేవాడు.

హ్యాండిల్ కింద గొట్టానికి కొంగ తల బొమ్మ, దాంట్లో నాటింగ్‌హామ్, ఇంగ్లాండ్ అని ఉంది. దీన్ని చిన్న విషయం అనుకోవద్దండి. 1950ల్లోనే బెంగాల్ పక్క ఆసన్‌సోల్‌లో సేన్ రాలీ కంపెనీ ఇక్కడి రాలీలు చేస్తా ఉండేది. మనది అది కాదు, సముద్రం దాటి వచ్చింది.

పోయిన సంవత్సరం నాయనకు మోకాలి ఆపరేషన్ తేదీ ఖాయమైంది. ఆ రోజు రాత్రి అన్నం తింటా, "ఆపరేషన్‌కు ముందర ఒక్కసారి నాయన సైకిలు తొక్కాలరా, చేసిపెట్టు" అన్నాడు. నాకు రెండు నెలలు ఉండాయి. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు గుల్లలు ఒక్క శనివారంలో దొరికిపోయినాయి. కథంతా పెడళ్ళ నడుమ ఉండే ఇరుసు దగ్గర నిలిచింది.

దాన్ని మెకానిక్కులు బి.బి. అంటారు. ఇరుసుకు రెండు పక్కలా ఒక్కో ఇనుప కప్పు, ఒక్కో కప్పులో పావు అంగుళం గుండ్లు 11. కప్పు బయటివైపు మర ఉంటుంది, దాన్ని ఫ్రేమ్ గొట్టంలోకి తిప్పి బిగించాల. మన సైకిలుకు ఎడమ పక్క కప్పు ఒరిగి కూచొనుంది. గుండ్లు నడిచే దారి గుంటలు పడి పోయింది. కొత్త కప్పు వేస్తే సరిపోతుంది అనుకొన్నాను.

హోసూరులో నాలుగు అంగళ్ళు తిరిగినాను. ఏ కప్పు తెచ్చినా ఒకటే కథ. రెండు చుట్లు సాఫీగా పోతుంది, మూడో చుట్టుకు పట్టుకుంటుంది. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. రెండుసార్లు పాసై మూడోసారి ఫెయిల్ అయ్యేదాన్ని చూస్తే నాకు నిద్ర పట్టదు. చివరికి పాత బస్టాండు పక్క ఒక ముసలి భాయి కప్పును వేళ్ళతోనే తిప్పి చూసి, "సారూ, ఇది రాలీ. దీని మర వేరే. స్పానరు మాత్రం పెట్టొద్దండి" అన్నాడు. ఎంత వేరే అంటే ఆయనకు లెక్క తెలీదు, చేతికి తెలుసు.

లెక్క కోసం ఒక పిచ్ గేజి కొన్నాను. అంగడిలో దొరికే కప్పుకు అంగుళానికి 24 చుట్లు. మన ఫ్రేమ్‌కు 26. ఒక చుట్టు నుంచి ఇంకో చుట్టుకు దూరం మొదటిదానికి 1.058 మిల్లీమీటర్లు, రెండోదానికి 0.977. చుట్టుకు 0.08 తేడా. ఒక చుట్టులో అది తెలీదు. ఆరు చుట్లు పోయేసరికి అర మిల్లీమీటరు అవుతుంది, అంటే గాడిలో కూచోవలసిన గట్టు ఎదుటి గట్టుమీదే వచ్చి నిలబడుతుంది. పైగా 24 కప్పు రవ్వంత సన్నం, 1.370 అంగుళాలు. రాలీది 1.375. మొదటి రెండు చుట్లు మోసం చేసేది అందుకే.

ఇట్లా రెండు మరలు ఎందుకు వచ్చినాయి? బర్మింగ్‌హామ్‌లో బి.ఎస్.ఎ. అని తుపాకుల కంపెనీ ఉండేది. అది సైకిలు సామాన్లు చేసి, ఫ్రేములు కట్టే చిన్న చిన్న వాళ్ళందరికీ అమ్మేది. అందరూ కొన్న కొలతే అందరి కొలత అయింది, అదే 24. రాలీ 1880ల చివర్లో నాటింగ్‌హామ్‌లో మొదలై, ఎవరి సామానూ అక్కర లేనంత పెద్దదైంది. తన కప్పు తానే చేసుకొంది, తన 26 తానే పెట్టుకొంది. తర్వాత జరిగింది విచిత్రం. 1957లో రాలీ ఆ బి.ఎస్.ఎ. సైకిళ్ళ వ్యాపారాన్నే కొనేసింది. 1960లో రాలీ పోయి ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్‌లో కలిసింది. మద్రాసు అంబత్తూరులో 1949లో మురుగప్ప వాళ్ళతో కలిసి టి.ఐ. సైకిల్స్ పెట్టి మనకు హెర్క్యులిస్ ఇచ్చిన కంపెనీ అదే. అంతా ఒకే ఇంటి కింద చేరినా, నాటింగ్‌హామ్‌లో 26 మాత్రం చాలా ఏళ్ళు పోలేదు. నాటింగ్‌హామ్‌లో సైకిళ్ళు చేయడం 2002లో ఆగింది.

లేత్ పట్టెడలకు హోసూరులో కరువా? మోటార్‌సైకిళ్ళకు, లారీలకు సామాన్లు చేసే ఊరు మనది. ఒకాయన రెండు దోవలు చెప్పినాడు. ఒకటి, ఫ్రేమ్ గొట్టంలో 24 ట్యాప్ కొట్టేయడం. పది నిమిషాల పని, కానీ పాత మర పూర్తిగా పోతుంది, మళ్ళీ వెనక్కి రాలేము. నాయన "కొట్టించెయ్, నాకు తొక్కేది ముఖ్యం" అన్నాడు. నాకు చెయ్యి రాలేదు. రెండోది, 26 మరతో కొత్త కప్పు తిప్పించడం. అది చేయించినాను. మర చక్కగా కూచొంది. కానీ కప్పుకు ప్రాణం మరలో లేదు, గుండ్లు తిరిగే దారిలో ఉంది. ఆ దారి ఉక్కు గట్టిపడాల, మెరుగు పట్టాల. హీట్ ట్రీట్‌మెంట్ చేసేవాళ్ళు వందల లెక్కన తీసుకుంటారు, ఒక్క కప్పు పట్టుకొని పోతే నవ్వుతారు. మెత్తటి ఇనుముతోనే బిగించి వీధిలో రెండు రోజులు తొక్కితే, గుండ్లు దాంట్లో వరసగా గుంటలు చేసుకొని కూచొన్నాయి.

ఆ కప్పు తీసేటప్పుడే ఒకటి కనిపించింది. గొట్టం లోపలి చుట్లు 26వి శుభ్రంగా ఉండాయి. బయటి మూడు చుట్లు మాత్రం చిరిగి, వాటిమీద ఇంకో మర గీసినట్టుంది. గేజి పెడితే 24. అంటే ఎవరో ఎప్పుడో ఒక 24 కప్పును బలవంతంగా దించినారు.

తాత చేసుండడు. ఆయన లెక్కల పుస్తకంలో 1967లో ఒక చోట "బెంగుళూరు, రాలీ కప్పు 1, బస్సు చార్జీ" అని రాసుండాడు. కప్పు కోసం బెంగుళూరు దాకా పోయిన మనిషికి హోసూరు కప్పు పట్టదని తెలుసు కదా. పుస్తకం నాయన ముందర పెట్టి అడిగినాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"నేనే" అన్నాడు. 1981లో, మొదటి జీతంలో. తాత కప్పు అరిగిందని చూసి, చెప్పకుండా హోసూరులో కొత్తది కొని తెచ్చి, స్పానరుకు పైపు తొడిగి తిప్పినాడు. తిరగకపోతే సుత్తి ఎత్తినాడు. తాత సాయంత్రం వచ్చి చూసి, "సరేలేరా" అన్నాడంట, అంతే. ఆ తర్వాత ఇరుసు వంకరైపోయి ప్రతి మైలుకూ చైను జారేది. తాత పది రోజులు తోసుకొంటా వచ్చి, బస్సుకు మారినాడు. మరుసటేడు నాయన మోపెడ్ కొన్నది తనకు కాదు, తాతకు. తాత దాన్ని ఒక్కసారి కూడా నడపలేదు. అంటే మోపెడ్ వచ్చి సైకిలు నిలవలేదు, సైకిలు నిలిచి మోపెడ్ వచ్చింది. తాత 1998లో పోయేదాకా ఈ మాట ఇద్దరి నడుమ రాలేదంట. నాయన ఆ అరిగిన పాత కప్పును మాత్రం పారెయ్యకుండా స్క్రూల డబ్బాలో దాచిపెట్టినాడు.

కొత్త కప్పు కృష్ణగిరిలో ఒక గుజిరి అంగడిలో దొరికింది. మూడు శనివారాలు పోయినాను. తుప్పు పట్టిన ఫ్రేముల కుప్పలో చైన్‌వీల్ నడుమ అరచెయ్యి బొమ్మ ఉండే ఒకటి కనపడింది. అది రడ్జ్. రడ్జ్‌ను రాలీ 1943లో కొనేసింది, ఆ తర్వాత నాటింగ్‌హామ్‌లో చేసినవాటికి లోపల రాలీ మరే. అక్కడే గేజి పెట్టినాను, 26. ఎడమ కప్పు ఊడేదానికి కిరోసిను, ఒక పూట పట్టింది. లోపల దారి అద్దంలా ఉంది.

చిరిగిన చుట్లను బాగు చేసింది తాత పాత కప్పే. లేత్ ఆయన దాని మరకు అడ్డంగా నాలుగు గాళ్ళు కోసి ఇచ్చినాడు. అట్లా కోస్తే అదే ట్యాప్ అయిపోతుంది. నూనె వేసి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కు, మెల్లగా దించితే ఇనుప పొడి రాలి, 26 మళ్ళీ తెరుచుకుంది. అది తిప్పింది నాయనే. నన్ను స్పానరు ముట్టనీలేదు.

ఆపరేషన్‌కు నాలుగు రోజుల ముందర బాగలూరు చెరువు దాకా పోయి వచ్చినాడు. చైను జారలేదు.

ఇంకా ఒక పని మిగిలింది. హ్యాండిల్ కింద ఫోర్కు మర కూడా 26వే, దాని పైకప్పు పగిలే దశలో ఉంది. మీ ఇండ్లలో, మీ ఊళ్ళలో పాత సైకిలు గుజిరికి పోయే ముందర చైన్‌వీల్ ఒకసారి చూడండి. మూడు కొంగలుంటే రాలీ, అరచెయ్యి ఉంటే రడ్జ్, అయిదుగురు మనుషుల బొమ్మలుంటే హంబర్. ఏది ఉన్నా నాకు ఒక ఫోన్ చేయండి. కుప్పం అత్తావాళ్ళ పశువుల కొట్టంలో ఒక హంబర్ ఉండేదని చిన్నాయన అంటాడు. అది ఇంకా ఉందా?